తలసరి లెక్క ఈ ఊళ్లకు నప్పదు
చిన్న ఊళ్ల కమ్యూనిటీ హాళ్లకు పెట్టే ప్రభుత్వ సొమ్ము దండగ కాదు, ఊరు కలిసి ఉండేదే వాటి వల్ల అని కెనడా ఉత్తరాన ఉన్న నార్త్‌వెస్ట్ టెరిటరీస్ ఎమ్మెల్యే ఒకాయన అన్నమాట నూటికి నూరుపాళ్లు నిజం. ఆ టెరిటరీలో మొత్తం 33 ఊళ్లు, జనం 45 వేలకు అటూ ఇటూ. తలసరి లెక్క తీస్తే అక్కడ ఏ పనైనా ఖరీదుగానే కనిపిస్తుంది. దాని రాజధాని ఎల్లోనైఫ్‌లో ఉద్యోగం చేసిన రోజుల్లో పక్కనున్న బెచోకో ఊరికి వెళ్లాను. బయట మైనస్ ముప్పై చలి. లోపల హాల్లో రెండు జట్లు మోకాళ్ల మీద ఎదురెదురుగా కూర్చుని, పిడికిట్లో చిన్న వస్తువు దాచి ఆడుతున్నాయి. వెనకాల డప్పులు. తాతల పక్కనే మనవలు! ఆ హాలు మూసేస్తే వీళ్లంతా ఎక్కడ కలుస్తారు? కానీ రవాణా సంగతి ఆయన గట్టిగా ఎత్తాల్సింది. 2024లో మెకెంజీ నదిలో నీళ్లు తగ్గి అక్కడి నార్మన్ వెల్స్ ఊరికి బార్జీలు (సరుకు పడవలు) రాలేదు, ఇంధనం విమానాల్లో తేవాల్సి వచ్చింది. ఇంటిని వెచ్చగా ఉంచుకోవడానికే జీతం కరిగిపోతుంటే జనం ఊళ్లో ఎలా నిలుస్తారు? ఏడాది పొడవునా నడిచే రోడ్డు లేకపోతే హాలు ఉన్నా వచ్చేవాళ్లుండరు. పార్టీలే లేని 19 మంది శాసనసభ ఆయనది, ఏ విప్‌కూ భయపడకుండా అడగొచ్చు.