"పాఠశాల పేరు" అన్న గడి

ఈ ఉగాదికి చెన్నపట్నంలోని మన తెలుగు సంఘం పిల్లలకు పెట్టిన పద్యపఠన పోటీలో మా అమ్మాయి పాల్గొన్నది. ఆనాటి సభలో ఉన్నవారు చాలామంది ఈ పత్రిక చదివేవారే కనుక, జరిగినది కొందరికైనా గుర్తుండే ఉంటుంది. దరఖాస్తులో "పాఠశాల పేరు" అని ఒక గడి ఉన్నది. మా ఇద్దరు పిల్లలకూ ఇంటిదగ్గరే చదువు చెప్పుకుంటున్నాము కాబట్టి ఆ గడిలో "హోమ్ స్కూలింగ్" అని రాశాను. వేదిక మీద పేర్లు చదువుతున్న పెద్దమనిషి ఆ మాట దగ్గర ఆగి, మైకులోనే, "ఏ బడి అమ్మా నీది?" అని అడిగారు. పదకొండేళ్ళ పిల్ల, "ఇంట్లోనే చదువుకుంటానండి, మా అమ్మ చెబుతుంది" అన్నది. "అయితే బడి మాన్పించేశారన్నమాట" అని ఆయన అనగానే సభంతా నవ్వింది. పిల్ల ఆ నవ్వు తగ్గేదాకా నిలబడి, తరువాత ఐదు వేమన పద్యాలూ తప్పు లేకుండా చెప్పి దిగి వచ్చింది. సాయంత్రం ఇచ్చిన ప్రశంసాపత్రంలో బడి పేరు ఉండవలసిన చోట ఒక గీత గీసి ఉన్నది.

భోజనాల దగ్గర మరొక మాట వినవలసి వచ్చింది. మా అమ్మాయిని దగ్గరకు తీసుకుని, ఎంత బాగా చెప్పావమ్మా అని మెచ్చుకున్న ఒక పెద్దావిడే నా వైపు తిరిగి, "మీరు చర్చికి వెళ్ళేవాళ్ళు కదమ్మా, మీకు ఈ పద్యాలవీ ఎలా వచ్చాయి?" అన్నారు. ఆవిడ ప్రేమగానే అడిగారు. వేమన పద్యాలను సేకరించి 1829లో ఈ చెన్నపట్నంలోనే అచ్చు వేయించిన సి.పి. బ్రౌన్ కూడా చర్చికి వెళ్ళే మనిషేనని, కలకత్తాలో దైవసేవ చేసిన పాదిరీగారి కుమారుడని అప్పటికప్పుడు చెప్పగలిగి ఉంటే బాగుండేది. నాకు గొంతు పెగలలేదు.

ఆ రెండు మాటల వెనుకా ఉన్న నమ్మకం ఒక్కటేనని నాకు తోస్తున్నది. ఈ ఊళ్ళో పిల్లలకు తెలుగు వస్తే బడి నుంచి రావాలి, లేకపోతే గుడి నుంచి రావాలి అని మనం అనుకుంటున్నాము. మా పిల్లలకు తెలుగు ఆ రెండు చోట్ల నుంచీ రాలేదు, కుటుంబ ప్రార్థన నుంచి వచ్చింది. అది ఎలా వచ్చిందో ఇక్కడ వివరంగా చెప్పుకోవాలని ఉన్నది.

మా వారు రైలు పెట్టెలు తయారు చేసే ఐ.సి.ఎఫ్. కర్మాగారంలో పనిచేస్తారు. ఆయన పొద్దుటి షిఫ్టుకు వెళ్ళేలోపు, పెరంబూరులోని మా ఇంటి ముందు గదిలో చాప పరుచుకుని ఐదుగురం కూర్చుంటాము. మా అత్తగారు ఒక కీర్తన ఎత్తుకుంటారు, తరువాత బైబిలు తలా రెండు వచనాలు చదువుతాము. మన తెలుగు బైబిలు భాష పాతది. "యెహోవా నా కాపరి నాకు లేమి కలుగదు" అన్న వాక్యం మా అమ్మాయికి ఐదో ఏటనే కంఠస్థం. "లేమి" అంటే ఏమిటని ఒకనాడు అడిగితే, వాళ్ళ నాయనమ్మ వంటింట్లోకి తీసుకువెళ్ళి, అడుగంటిన బియ్యపు డబ్బా మూత తీసి చూపించింది. ఆ మాట అర్థం దానికి ఇక మరిచిపోయేది కాదు.

నాకు అన్నిటికంటె ప్రియమైన పాఠం బైబిలులోని నూట ముప్పై ఆరవ కీర్తన చదివిన రోజు జరిగింది. ఆ కీర్తనలో ఇరవై ఆరు వచనాలూ "ఆయన కృప నిరంతరముండును" అన్న మాటతోనే ముగుస్తాయి. పదో వచనం దగ్గరకు వచ్చేసరికి పిల్ల చదవడం ఆపి, "అమ్మా, ఇది మకుటం కదూ, విశ్వదాభిరామ లాగా?" అన్నది. పద్యానికి మకుటం ఉంటుందని అంతకు వారం క్రితమే చెప్పాను. దావీదు దేశపు పాటనూ వేమన పద్యాన్నీ పక్కపక్కన పెట్టి చూడమని నేను చెప్పలేదు, దానంతట అదే చూసింది. మరొకసారి నూట పంతొమ్మిదవ కీర్తనలో ఆలెఫ్, బేత్, గీమెల్ అన్న పేర్లు ఏమిటని వచ్చింది. హెబ్రీ భాషలో అక్షరాలు ఇరవై రెండు, ఒక్కొక్క అక్షరానికి ఎనిమిదేసి వచనాలు, మొత్తం నూట డెబ్బై ఆరు అని వివరిస్తే, తెలుగు అక్షరాలతో తానూ ఒక స్తుతి రాస్తానని కూర్చున్నది. రెండు రోజుల తరువాత, ఙ, ఞ, ణ అక్షరాలతో మొదలయ్యే మాట ఒక్కటీ దొరకలేదని దిగులుగా వచ్చింది. ఆనాటి వ్యాకరణ పాఠం ఆ దిగులుతోనే మొదలుపెట్టాము.

చరిత్ర కూడా ఇలాగే నడిచింది. పొట్టి శ్రీరాములుగారు 1952 డిసెంబరు 15న ప్రాణం విడిచిన ఇంటిని చూపించడానికి పిల్లలను మైలాపూరు తీసుకువెళ్ళినప్పుడు, అక్కడి రైల్వే స్టేషను పక్కన నల్లగా పారుతున్న బకింగ్‌హామ్ కాలువను చూసి మా అబ్బాయి ముక్కు మూసుకున్నాడు. మా అత్తగారు వాడి చేయి తీసేసి, "మన పెద్దలు మట్టి మోసి తవ్విన కాలువరా ఇది" అన్నారు. ఆవిడ పుట్టినది ఒంగోలు దగ్గర. 1876-78 నాటి కరువులో అక్కడి మిషనరీ క్లౌ దొరగారు ఆకలితో ఉన్నవారికి కూలి దొరకాలని ఈ కాలువలో మూడున్నర మైళ్ళ తవ్వకం పనిని గుత్తకు తీసుకున్నారు. ఆ కూలీలలో తమవారు ఉన్నారని ఆవిడ ఇంట తరతరాలుగా చెప్పుకుంటారు. మా పిల్లలకు ఒంగోలూ చెన్నపట్నమూ ఆనాటి నుంచి ఒకే నీటి మీద ఉన్న ఊళ్ళయ్యాయి.

ఇంటి చదువు అందరూ చేయగలిగినది కాదు, అందరూ చేయాలని నేను అననూ అనను. మా పిల్లలకు తోటి పిల్లలు తక్కువ. భిన్నాలు దాటిన లెక్కలు పక్కింటి తమిళ టీచరమ్మ దగ్గరే నేర్చుకుంటున్నారు, ఆవిడ వల్ల తమిళమూ చక్కగా వచ్చింది. తమిళాన్ని బడులలో నిర్బంధం చేసిన 2006 నాటి చట్టం మీద నాకు కోపం లేదు, ఉన్న ఊరి భాష రావలసిందే. మేము చూసిన బడులలో ఆ తరువాతి చోటు హిందీకో ఫ్రెంచికో ఇచ్చి తెలుగుకు గడప కూడా లేకుండా చేయడం మమ్మల్ని బాధించింది. పద్నాలుగేళ్ళు నిండాక జాతీయ సార్వత్రిక విద్యా సంస్థ (ఎన్.ఐ.ఓ.ఎస్.) ద్వారా పదవ తరగతి రాయిస్తాము, అందులో తెలుగు తీసుకునే వీలున్నది.

సంఘం మీద నేను ఎంత నొచ్చుకున్నానో మా చర్చిల మీద అంతకంటె ఎక్కువగా నొచ్చుకోవాలి. పురుషోత్తమ చౌదరిగారు (1803-1890) ఊరూరా తిరిగి సువార్త చెబుతూ రాసిన కీర్తనలను, ప్రతి కీర్తనకూ పైన రాగమూ తాళమూ వేసి ఉన్న కీర్తనలను, మా చర్చి పిల్లలు ఆదివారం నాడు తెర మీద ఇంగ్లీషు అక్షరాలలో చూసి పాడుతున్నారు. సండే స్కూలు పూర్తిగా ఇంగ్లీషులోకి మారిపోయింది. "మీకు ఈ పద్యాలు ఎలా వచ్చాయి" అని ఆ పెద్దావిడ అడిగారంటే, అలా అడిగే వీలు మేమే కల్పించాము.

పోటీ నిర్వహించేవారి ఇబ్బంది నాకు తెలియకపోలేదు. పిల్లలను కూడగట్టి తీసుకువచ్చేది బడులే, వయసు నిర్ధారించేదీ వాటి కాగితమే. ప్రతి సంవత్సరం జేబు డబ్బు పెట్టి ఈ పోటీలు జరుపుతున్నవారికి చేతులెత్తి నమస్కరిస్తాను. అయినా, ఆధార్ కార్డుతో వయసు తెలిసిపోతున్నప్పుడు బడి పేరు లేని పిల్ల పేరు చదవడానికి ఎందుకు తడబడాలి? ఆమెకు పద్యం నేర్పినది తెలుగు ఇల్లు. మన సంఘాన్ని కట్టుకున్నదే అటువంటి ఇళ్ళ కోసం కదా.

కార్యవర్గానికి నా విన్నపాలు రెండు. వచ్చే దరఖాస్తులో "పాఠశాల పేరు" బదులు "పద్యం నేర్పినవారు" అని రాయించండి. బడికి వెళ్ళే పిల్లలు తమ తెలుగు టీచరు పేరు రాస్తారు, కొందరు తాతగారి పేరు రాస్తారు, మా పిల్లలు నాయనమ్మ పేరు రాస్తారు. ఇక పఠనానికి ఇచ్చే పద్యాల పట్టికలో వేమన, సుమతి, పోతన సరసన పురుషోత్తమ చౌదరిగారి కీర్తన ఒకటి చేర్చండి. దానిని ఏ మతం పిల్లలైనా ఎంచుకోవచ్చు, ఎవరినీ నిర్బంధించవద్దు. రాగం నేర్పడానికి మనిషి కావాలంటే మా అత్తగారు సిద్ధంగా ఉన్నారు. శనివారాలు ఉదయం మా ఇంటి ముందు గది ఖాళీగానే ఉంటుంది, చాప పరిచి ఉంచుతాము.