‘మంచి ఇంటి పిల్లలు సిగరెట్ ముట్టరు’ అన్నది నిజం కాదు

పది రోజులుగా మా స్కూలు తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూపుల్లో ఒక మెసేజ్ తిరుగుతోంది. ‘మంచి ఇంటి పిల్లలు సిగరెట్ ముట్టరు, చెడు స్నేహాలే వాళ్లను పాడుచేస్తాయి’ అని మొదలవుతుంది. ఈ అలవాట్లు కాలేజీ హాస్టల్లో చేరాకే వస్తాయట. ఆడపిల్లల గురించి దిగులే అక్కర్లేదట. వేప్ (బ్యాటరీతో నడిచే ఎలక్ట్రానిక్ సిగరెట్) అంటే వట్టి ఆవిరట, అదీ మన దేశంలో దొరకదట. టెన్షన్‌కి నాలుగు రోజులు తాగినా పరీక్షలయ్యాక మానేస్తారట. పదహారేళ్లుగా హైస్కూలు పిల్లలకు పాఠాలు చెబుతున్నాను. ఇది చదివి అమ్మానాన్నలు నిశ్చింతగా ఉంటారేమోనని భయమేసి రాస్తున్నాను.

ముందు వయసు సంగతి. 2019లో దేశమంతటా 13 నుంచి 15 ఏళ్ల బడి పిల్లల మీద పొగాకు సర్వే జరిగింది. వాళ్లలో 8.5 శాతం మంది ఏదో ఒక రూపంలో పొగాకు వాడుతున్నట్టు తేలింది. సిగరెట్ రుచి చూసినవాళ్లలో 38 శాతం మంది పదేళ్లు నిండకముందే చూశారు. అంటే నాలుగో తరగతో, ఐదో తరగతో. హాస్టల్ అప్పటికింకా ఎక్కడో ఉంది.

పదేళ్లలోపు పిల్లాడికి సిగరెట్ ఎక్కడిది? మా వీధి చివర బడ్డీకొట్టు దగ్గర సాయంత్రం ఐదు నిమిషాలు నిలబడితే తెలుస్తుంది. ఎనిమిదేళ్ల బాబు గుప్పిట్లో నోటు నలుపుకుంటూ వచ్చి ‘నాన్నకి రెండు’ అంటాడు. కొట్టతను తలెత్తకుండానే ప్యాకెట్లోంచి రెండు తీసి ఇస్తాడు, చిల్లరకు బదులు ఒక చాక్లెట్ చేతిలో పెడతాడు. ఆ బాబుకి బ్రాండు పేరు తెలుసు, ధర తెలుసు, నాన్న దాన్ని ఏ వేళకు వెలిగిస్తాడో తెలుసు. పద్దెనిమిదేళ్లలోపు వాళ్లకు పొగాకు అమ్మకూడదని 2003 నాటి చట్టం చెబుతోంది. ‘నాన్నకే కదా’ అన్న మినహాయింపు అందులో లేదు. ఇంట్లో అమ్మో నాన్నో అన్నో పొగతాగితే పిల్లలు మొదలుపెట్టే అవకాశం పెరుగుతుందని ఎన్నో దేశాల అధ్యయనాల్లో తేలింది. అది మంచి ఇల్లా కాదా అన్న లెక్క వేరు. ఎంతో ప్రేమగా పెంచే తండ్రి వేలి మధ్య సిగరెట్ కూడా పిల్లాడికి పాఠమే.

ఉత్తరాంధ్ర తీరంలో అడ్డపొగ సంగతి మనకు కొత్త కాదు. చుట్ట కాలే కొసను నోట్లో పెట్టుకుని తాగే అలవాటు అది. ఎక్కువగా ఆడవాళ్లదే. దానివల్ల అంగిలికి క్యాన్సర్ వస్తుంది. ఆ తల్లులకు ఏ చెడు స్నేహం నేర్పింది దాన్ని? అమ్మను, అమ్మమ్మను చూసి నేర్చుకున్నారు. ఆడపిల్లల గురించి దిగులక్కర్లేదన్నవాళ్లు ఇంకో అంకె కూడా చూడాలి: పైన చెప్పిన సర్వేలో పొగాకు వాడే మగపిల్లలు 9.6 శాతం, ఆడపిల్లలు 7.4 శాతం. పెద్ద తేడా ఏముంది?

స్నేహాల మాటలో సగం నిజం ఉంది. తోటివాళ్లు తాగుతుంటే చెయ్యి చాచడం తేలిక. కానీ అదే గుంపులో ఒకడు ఒక్కసారి తాగి వదిలేస్తాడు, ఇంకొకడు వదల్లేడు. దిగులుతో లోపల్లోపల కుమిలిపోయే పిల్లలకు, ఏకాగ్రత సమస్య ఉన్న పిల్లలకు ప్రమాదం ఎక్కువ. వాళ్లను స్నేహితుల నుంచి విడదీసినంత మాత్రాన ఆ దిగులు పోదు.

ఇక వేప్. పోయినేడాది తొమ్మిదో తరగతి అబ్బాయి జామెట్రీ బాక్సులో పసుపురంగు హైలైటర్ లాంటిది కనబడింది. మూత తీస్తే మామిడిపండు వాసన. నేను నిజంగానే పెన్ను అనుకున్నాను. అందులో ఉండేది నీళ్లు కాదు. ప్రొపిలీన్ గ్లైకాల్, గ్లిజరిన్, వాసన కోసం రసాయనాలు, చాలావాటిలో నికోటిన్ (పొగాకుకు బానిసను చేసే పదార్థం). బ్యాటరీతో తీగ వేడెక్కి ఆ ద్రవాన్ని సన్నటి తుంపరగా మారుస్తుంది. అమెరికా పిల్లల్లో బాగా పాకిన ఒక బ్రాండు పాడ్‌లో (వేప్‌లో పెట్టే ద్రవం గొట్టంలో) ఇరవై సిగరెట్ల ప్యాకెట్‌కు దాదాపు సమానమైన నికోటిన్ ఉంటుందని ఆ కంపెనీయే చెప్పుకుంది. 2019లో అక్కడి హైస్కూలు పిల్లల్లో 27.5 శాతం మంది గత నెల రోజుల్లో వేప్ వాడామన్నారు. వాళ్లను లాగింది పళ్ల వాసనలు, పెన్‌డ్రైవ్ లాంటి ఆకారం. మన దగ్గర 2019లోనే నిషేధం వచ్చింది. అమ్మినా, దిగుమతి చేసినా, ప్రకటన ఇచ్చినా మొదటిసారికే ఏడాది దాకా జైలు. అయినా అది ఆ జామెట్రీ బాక్సు దాకా వచ్చింది.

‘టెన్షన్ తగ్గుతుంది, తర్వాత మానేస్తారు’ అన్న మాట అన్నిటికన్నా ప్రమాదం. పీల్చిన నికోటిన్ కొన్ని సెకన్లలో మెదడుకు చేరుతుంది, హాయిగా అనిపిస్తుంది. కాసేపటికి ఆ ప్రభావం దిగిపోతుంది. అప్పుడు చిరాకు, గాబరా, పుస్తకం మీద మనసు నిలవకపోవడం. మళ్లీ పీలిస్తే అవి తగ్గుతాయి. పిల్లాడు పరీక్షల టెన్షన్ తగ్గిందనుకుంటాడు. నిజానికి అందులో చాలావరకు నికోటిన్ తెచ్చిన టెన్షనే. పాతికేళ్ల వరకు ఎదిగే మెదడుకు ఈ బానిసత్వం పెద్దవాళ్లకన్నా త్వరగా పట్టుకుంటుంది. ఆ జామెట్రీ బాక్సు అబ్బాయి నాతో అన్న మాట ఇదే: “అది లేకపోతే రెండో పీరియడ్‌కే తల పట్టేస్తుంది టీచర్.” అప్పటికి మొదలుపెట్టి మూడు నెలలే.

అతణ్ని తిట్టలేదు, టీసీ ఇస్తామని బెదిరించలేదు. వాళ్ల నాన్నగారిని పిలిచి, ముగ్గురం కూర్చుని, పొగాకు మానాలనుకునేవాళ్ల కోసం ప్రభుత్వం నడిపే ఉచిత ఫోన్ లైనుకు చేశాం. 1800-112-356. సిగరెట్ ప్యాకెట్ల మీదే అచ్చయి ఉంటుంది. ఆ మెసేజ్ మీ గ్రూపులోకి వస్తే, దాని కింద ఈ నంబరు పెట్టండి.