నిజమైన సైబీరియా పక్షి ఆ ఫొటోలో లేదు

సంక్రాంతి దగ్గర పడుతుంటే మా కాకినాడ వైపు వాట్సాప్‌లో ఒక మెసేజ్ తిరుగుతుంది. "సైబీరియా చలికి తట్టుకోలేక వేల కిలోమీటర్లు ఎగిరొచ్చి, మన కొల్లేరు, కోరింగల్లో గుడ్లు పెట్టి, పిల్లలతో తిరిగి వెళ్ళే అతిథులు" అని రాసి, పైన గూడబాతుల (పెలికాన్ల) ఫొటో పెడతారు. పంపేవాళ్ళకు పక్షులంటే ప్రేమే. కానీ అందులో రెండు రకాల పక్షుల కథలు కలిసిపోయాయి.

ముందు ఆ ఫొటో సంగతి. గూడబాతు మన దేశపు పక్షి, సైబీరియాలో ఉండదు. 1946లోనే పక్షి పరిశీలకుడు కె.కె. నీలకంఠన్ కొల్లేరు ప్రాంతంలో వాటి గూళ్ళను చూసి నమోదు చేశారు. ఎర్రకాళ్ళ కొంగదీ (పెయింటెడ్ స్టార్క్) అదే కథ. వానలు తగ్గాక చెరువుల్లో చేపలు పుష్కలంగా ఉంటాయి కాబట్టి చలికాలంలో గూళ్ళు కడతాయి, మిగతా రోజుల్లో మేత కోసం చెదిరిపోతాయి. చలికాలంలోనే గుంపుగా కనిపించేసరికి ఎక్కడినుంచో వచ్చాయనుకుంటాం. అతిథులనుకుంటే, ఒక ఏడాది తగ్గినా "ఈసారి రాలేదులే" అని ఊరుకుంటాం. మన పక్షులే అని తెలిస్తే, గూడు కట్టే చెట్టు ఏమైంది, చేప ఏమైంది అని అడుగుతాం. కొల్లేరు పక్షుల కేంద్రం ఆటపాకలో చెట్లు చాలక ఇనుప స్టాండ్లు పాతాల్సి వచ్చిందంటే ఆ ప్రశ్న ఎంత అవసరమో చూడండి.

"సైబీరియా కొంగ" అని నిజంగానే ఒకటుంది. అది వచ్చింది రాజస్థాన్‌లోని భరత్‌పూర్‌కు. 2002 తర్వాత అక్కడా కనబడలేదు.

ఇక గుడ్ల మాట. ఉత్తరం నుంచి నిజంగా వచ్చే పక్షి ఇక్కడ ఒక్క గుడ్డు కూడా పెట్టదు. గ్రేట్ నాట్ అనే ఉల్లంకి జాతి పిట్టనే తీసుకోండి. గోరింక కంటే కాస్త పెద్దది, చలికాలంలో బూడిద రంగు. ఎండాకాలంలో ఈశాన్య సైబీరియా కొండల మీద పిల్లల్ని చేసి, చలికాలానికి కోరింగ బయటి బురద మేటల మీదికి వస్తుంది. అసలైన సైబీరియా పక్షి ఇదీ, దీన్ని ఎవరూ ఫొటో తీయరు. దారిలో అది ఆగే, చైనా-కొరియాల మధ్య పసుపు సముద్రం తీరంలో బురద నేలలను పూడ్చేయడంతో బాగా తగ్గిపోయి, ఇప్పుడు ప్రపంచ అంతరించే జాతుల జాబితాలో ఉంది. దాని తోటి పొడుగు ముక్కు పిట్టలు గాడ్‌విట్లు, కర్లూలు కూడా ఇక్కడికి తిండి కోసమే వస్తాయి. ఇంకా జత కట్టే వయసు రానివి కొన్ని వేసవిలోనూ ఉండిపోతాయి, అవీ గూడు కట్టవు.

చలికి తట్టుకోలేకా రావు. అక్కడ నేలా నీళ్ళూ గడ్డకడితే ముక్కు దిగదు, పురుగు దొరకదు. మన బురదలో పురుగులు, చిన్న పీతలు, గవ్వపురుగులు ఉంటాయి. ఆ బురదను "పనికిరాని నేల" అనడం నాకు చాలా బాధగా ఉంటుంది.

ఈ మెసేజ్ చూసి కోరింగకు వచ్చినవాళ్ళు మడ అడవిలోని చెక్క బాట మీద నడిచి, "పక్షులేమీ లేవే" అని వెళ్ళిపోతారు. అవి ఉండేది చెట్ల మధ్య కాదు, బయట బురద మీద. పాటులో దూరంగా చెదిరి మేస్తాయి. పోటు ఎక్కేకొద్దీ నీళ్ళు వాటిని ఒడ్డు వైపు నెడతాయి. నిండు పోటుకు రెండు గంటల ముందు చేరుకుని, బైనాక్యులర్‌తో ఒకచోట కూర్చోండి. పడవను గుంపు మీదికి పోనివ్వకండి. లేచిన ప్రతిసారీ తిరుగు ప్రయాణానికి దాచుకున్న కొవ్వు ఖర్చవుతుంది.

మార్చి చివర్లో వస్తే ఆ బూడిద పిట్ట రొమ్ము మీద నల్ల మచ్చలు దట్టంగా కమ్ముకుని, భుజాల మీద తుప్పు రంగు తేలి ఉంటుంది. బయలుదేరే రోజులు దగ్గర పడ్డాయన్నమాట.