బూట్‌స్ట్రాప్ కొలతలకు తెలుగు ఒత్తులు పట్టవు

మొన్న కడపలో ఏడు రోడ్ల దగ్గర ఒక జిరాక్స్ షాపులో నిలబడి ఉన్నాను. ఒకాయన కొడుకు అడ్మిషన్ కోసం ఫోన్‌లో ఒక కాలేజీ పేజీ తెరిచి, షాపు పిల్లోడి చేతికిచ్చాడు. "ఇదేందబ్బా, అచ్చరాలు ఒకదాని మీద ఒకటి ఎక్కి కూచ్చున్నాయి?" పిల్లోడు ఫోన్ వంక సరిగా చూడను కూడా లేదు. "తెలుగులో అట్లే వస్తాది మామా, ఇంగ్లీషుది నొక్కు" అన్నాడు.

ఆ జవాబు నాకు అప్పటి నుంచి గుచ్చుకుంటూనే ఉంది. తెలుగులో అలా రానక్కర్లేదు. అలా రావడానికి కారణం ఒక చిన్న అంకె. 1.2.

ఆ పేజీ బూట్‌స్ట్రాప్‌తో కట్టింది. వెబ్‌సైట్లు త్వరగా కట్టుకోవడానికి ముందే రాసిపెట్టిన కోడ్ మూట అది. ఈ పనిలో ఉన్నవాళ్లకు ఆ నీలం బటన్, మూడు గీతల మెనూ కనిపిస్తే చాలు, తెలిసిపోతుంది. అప్పట్లో ట్విట్టర్‌లో పనిచేసిన మార్క్ ఒట్టో, జేకబ్ థార్న్‌టన్ తమ ఆఫీసు అవసరం కోసం తయారు చేసుకుని, 2011 ఆగస్టులో అందరికీ ఉచితంగా వదిలిన సరుకు ఇది. తెరను 12 నిలువు భాగాలుగా పంచి, ఫోన్‌లో ఒకలాగా, కంప్యూటర్‌లో ఒకలాగా పేజీ తనంతట తానే సర్దుకునేలా చేస్తుంది. 2013లో వచ్చిన మూడో వెర్షన్ నుంచి ముందు ఫోన్‌కు కట్టి, తర్వాత పెద్ద తెరకు పెంచే పద్ధతి పట్టుకుంది. కడపలో జనం వెబ్‌సైట్ చూసేది ఎక్కువగా ఫోన్‌లోనే కాబట్టి అది మనకు బాగా కలిసొచ్చింది.

దాన్ని తిట్టడానికి నాకు నోరు రాదు. డిజైన్ చదువు లేదు, హైదరాబాద్ పోయి కోర్సు చేసే స్తోమత లేదు, అయినా ఒక సెకండ్ హ్యాండ్ ల్యాప్‌టాప్ పెట్టుకుని బట్టల షాపులకు, నర్సింగ్ హోమ్‌లకు, విత్తనాల కొట్లకు సైట్లు కట్టి ఇల్లు నడుపుకుంటున్న పిల్లలు ఈ ఊర్లో ఉన్నారు. నేనూ అలా మొదలుపెట్టినవాడినే. ఎంఐటీ లైసెన్స్ కింద ఉంది కాబట్టి పైసా కట్టక్కర్లేదు, ఎవరినీ అడగక్కర్లేదు. లైసెన్స్‌లో ఉన్న రెండో సంగతే మనం మరిచిపోయాం. మార్చుకోవచ్చు కూడా.

ఇప్పుడు ఆ 1.2 సంగతి. బూట్‌స్ట్రాప్‌లో పెద్ద శీర్షిక, పెద్ద తెర మీద, 40 పిక్సెళ్ల అక్షరం. దానికి వరుస ఎత్తు, అంటే ఒక్కో వరుసకు నిలువుగా దొరికే జాగా, 1.2 రెట్లు, అంటే 48 పిక్సెళ్లు. ఇంగ్లీషు అక్షరానికి అది ధారాళంగా సరిపోతుంది. కింద తోక ఉండేవి జి, పి, వై లాంటి నాలుగైదు అక్షరాలే. తెలుగు అలా కాదు. పైన గుడి, ఏత్వం, కింద ఒత్తు, ఒత్తు కింద ఇంకో ఒత్తు. పై వరుసలో 'స్త్రీ' ఉండి, సరిగ్గా దాని కింది వరుసలో 'కీ' పడితే ఒత్తులూ గుడులూ ఒకదాన్నొకటి రాసుకుంటాయి. వరుస ఎత్తు చెప్పకుండా వదిలేస్తే తెలుగు ఫాంటు తనకు కావలసిన జాగా తానే తీసుకునేది. బూట్‌స్ట్రాప్ అంకె బిగించి పెట్టింది కాబట్టి ఆ వీలు లేదు. ఆ పెద్దాయన ఫోన్‌లో ఎక్కి కూచున్నవి ఇవే.

అంకె మార్చడం ఎంత పని? బూట్‌స్ట్రాప్ కొలతలు రాసి ఉండే సాస్ ఫైలులో శీర్షికల వరుస ఎత్తుకు ఒక వేరియబుల్, అంటే మనం మార్చుకోగల అంకె, ఉంది. దాన్ని 1.5 చేయొచ్చు, ఫాంటును బట్టి 1.6 కూడా. సాస్ రాని వాళ్లు పేజీ రూపురేఖలు చెప్పే తమ సొంత సీఎస్ఎస్ ఫైలులో ఒక్క లైను రాసుకున్నా చాలు.

మెనూ కూడా ఇంతే. 992 పిక్సెళ్ల కంటే వెడల్పు తెర ఉంటే మెనూ మొత్తం వరుసగా పరిచే ఏర్పాటును అందరూ అలాగే ఎత్తుకొస్తారు. 'కాంటాక్ట్' ఉండే చోట 'మమ్మల్ని సంప్రదించండి' పెడితే అది రెండు వరుసలకు దిగుతుంది. చిన్న ల్యాప్‌టాప్‌లో మెనూ అంతా చిందరవందర. 1200 దాకా మూడు గీతల వెనకే దాచమని చెప్పే క్లాసు (కోడ్‌లో తగిలించే పేరు) కూడా బూట్‌స్ట్రాప్‌లోనే ఉంది. పేరులో రెండక్షరాలు మార్చాలి, అంతే.

ఫాంట్లు చూడండి. బూట్‌స్ట్రాప్ వరుసగా చెప్పే సెగో, రోబోటో, ఏరియల్ లాంటి పేర్లలో తెలుగు కోసం పెట్టింది ఒక్కటీ లేదు. దాంతో ఏ ఫోన్‌లో ఏ తెలుగు ఫాంటు ఉంటే అది వచ్చి కూర్చుంటుంది. ఒకే షాపు పేజీ ఆండ్రాయిడ్‌లో ఒక మొహం, విండోస్‌లో ఇంకో మొహం. మండలి, రామభద్ర లాంటివి ఉచితంగా దొరుకుతున్నా, వాటిని తగిలించే ఓపిక మనకు లేదు.

నన్ను అన్నిటికన్నా ఎక్కువగా సిగ్గుపడేలా చేసేది మాత్రం తెర మీద కనిపించనే కనిపించదు. బూట్‌స్ట్రాప్ వాళ్లిచ్చే నమూనా పేజీ మొదట్లోనే 'ఈ పేజీ భాష ఇంగ్లీషు' అని చెప్పే గుర్తు ఒకటుంటుంది. నమూనా కాబట్టి వాళ్లు వాళ్ల భాష రాశారు. మనం దాన్ని కాపీ చేసి, లోపలంతా తెలుగు నింపి, ఆ గుర్తును అలాగే వదిలేస్తాం. చూపు లేనివాళ్లు వాడే చదివి వినిపించే సాఫ్ట్‌వేర్ ఆ గుర్తును నమ్మి, తెలుగు పేజీకి ఇంగ్లీషు గొంతు తగిలించే ప్రమాదం ఉంది.

కాపీ చేయడంలో తప్పు లేదు. మన ఊరికి ఆ సంగతి ఎవరూ చెప్పక్కర్లేదు. 1820లో కడపకు ఉద్యోగానికి వచ్చిన సి.పి. బ్రౌన్ ఇక్కడ బంగళా కొని, జీతాలిచ్చి పండితుల్ని పెట్టుకుని చేయించింది చాలావరకు పాత తెలుగు గ్రంథాల కాపీ పనే. కాకపోతే ఆ పండితులు నాలుగు ప్రతులు పక్కపక్కన పెట్టి, పాత లేఖకుడి తప్పు ఎక్కడుందో చూసి, దిద్ది మరీ రాశారు. ఆయన పేరు మీద లైబ్రరీ ఉన్న ఊర్లో కూర్చుని మనం కంట్రోల్ సి, కంట్రోల్ వి దగ్గరే ఆగిపోయాం.

'అమెరికా వాళ్లు తెలుగును పట్టించుకోరు' అనే మాట కూడా తరచూ వింటాను. అది సగమే నిజం. 2021 మేలో వచ్చిన ఐదో వెర్షన్‌లో కుడి నుంచి ఎడమకు రాసే లిపులకు ఏర్పాటు చేర్చారు. అరబిక్, హీబ్రూతో పాటు ఉర్దూకూ అది పనికొస్తుంది. కడప బజారులో ఉర్దూ బోర్డు రాయించుకున్న దుకాణదారు రేపు అదే లిపిలో సైట్ కట్టించుకుంటే, పేజీ మొత్తాన్ని అద్దంలోలా తిప్పే పని బూట్‌స్ట్రాప్ చూసుకుంటుంది. అడిగేవాళ్లు, కోడ్ రాసి ఇచ్చేవాళ్లు ఉంటే, కోడ్ అందరికీ తెరిచి పెట్టే ఓపెన్ సోర్స్‌లో పని జరుగుతుంది. తెలుగు ఒత్తుల గురించి మనలో ఎంతమందిమి వాళ్ల కోడ్, ఫిర్యాదులు ఉండే గిట్‌హబ్ పేజీకి వెళ్లి ఒక్క ముక్క రాశాం?

నష్టం ఎక్కడ పడుతోందంటే, కస్టమర్ మనసులో. షాపు యజమానికి తెలుగు పేజీ, ఇంగ్లీషు పేజీ రెండూ చూపిస్తాం. తెలుగుది ఇరుకుగా, అతుక్కుపోయి కనిపిస్తుంది. "ఇంగ్లీషుదే నీట్‌గా ఉంది, అదే పెట్టు" అంటాడు. మనం కూడా, పని తగ్గిందిలే అని, తల ఊపేస్తాం. బేరానికి వచ్చే పల్లెటూరి రైతుకు చదవడం రాని భాషలో విత్తనాల కొట్టు సైట్ సిద్ధమవుతుంది. జిరాక్స్ షాపు పిల్లోడు కూడా అలాంటివి చూసీ చూసీ 'తెలుగులో అట్లే వస్తాది' అనే నమ్మకానికి వచ్చి ఉంటాడు.

ఆ రాత్రి ఇంటికొచ్చి, నేను కట్టిన పాత సైట్లు ఒక్కొక్కటే తెరిచాను. పదకొండు సైట్లలో ఏడింటికి పేజీ భాష ఇంకా ఇంగ్లీషే. శీర్షికలు అన్నిటిలోనూ 1.2 మీదే ఉన్నాయి. మూడు దిద్దేసరికి కరెంటు పోయింది.