పిచర్‌ని తీసేస్తే డీహెచ్ కూడా దిగిపోవాలి

2025 డిసెంబరులో అమెరికా బేస్‌బాల్ జట్టు ఫిలడెల్ఫియా ఫిలీస్, కైల్ ష్వార్బర్‌కి ఐదేళ్లకు 15 కోట్ల డాలర్లు రాసిచ్చింది. అప్పటికి ఆయనకు 32 ఏళ్లు. ఒప్పందం ముగిసేసరికి 37 వస్తాయి. ఆ ఏడాది 56 హోమ్ రన్లు (మన సిక్సర్ లాంటివి) కొట్టి, మేజర్ లీగ్‌లోని రెండు భాగాల్లో ఒకటైన నేషనల్ లీగ్‌లో అందరికంటే ముందు నిలిచిన బ్యాటర్‌కి అది ఎక్కువని నేను అనను. నా అభ్యంతరం ఆటగాడి మీద కాదు, చేతికి గ్లవ్ తొడగకుండానే దాదాపు సీజనంతా ఆడేసిన వాడికి ఇంత ధర పలికించిన నియమం మీద.

ఆ నియమం పేరు డెజిగ్నేటెడ్ హిట్టర్, అందరూ డీహెచ్ అంటారు. బంతి విసిరే పిచర్ బదులు ఇంకొకరు బ్యాటింగ్ చేస్తారు, ఫీల్డింగ్ జోలికి వెళ్లరు. స్టేడియాలకు జనం తగ్గుతున్నారని రెండో భాగమైన అమెరికన్ లీగ్ యజమానులు 1973లో మూడేళ్ల ప్రయోగమంటూ దీన్ని మొదలుపెట్టారు. ప్రయోగం యాభై ఏళ్లు దాటింది. నేషనల్ లీగ్ 2021 దాకా, కొవిడ్ ఏడాది తప్ప, లొంగలేదు. 2022లో అదీ లొంగింది. జపాన్‌లో ఇప్పటిదాకా దీనికి దూరంగా ఉన్న సెంట్రల్ లీగ్ కూడా 2027 నుంచి డీహెచ్‌కి ఒప్పుకుంది.

ఈ మార్పు మైదానంలో కంటే ముందు మార్కెట్లో కనిపించింది. యజమానులు ఆట ఆపేసిన 99 రోజుల లాకౌట్, డీహెచ్‌ని అన్ని జట్లకూ తెచ్చిన ఒప్పందంతో 2022 మార్చి 10న ముగిసింది. కొద్ది రోజుల్లోనే ఫిలీస్ ఇదే ష్వార్బర్‌ని నాలుగేళ్లకు 7.9 కోట్ల డాలర్లకు తీసుకుంది. 41 ఏళ్ల నెల్సన్ క్రూజ్‌కి వాషింగ్టన్ నేషనల్స్ ఒక్క ఏడాదికి 1.5 కోట్లు ఇచ్చింది. 42 ఏళ్ల ఆల్బర్ట్ పూహోల్స్ సెయింట్ లూయిస్‌కి తిరిగొచ్చి, 700 హోమ్ రన్లు దాటేసి రిటైరయ్యాడు. కొట్టడం ఒక్కటే చేసేవాళ్లకు అంతకుముందు 15 జట్లే దిక్కు, ఒక్క సంతకంతో 30 అయ్యాయి. ఆటగాళ్ల సంఘానికి సంబరం, యజమానులకు పరుగుల పండగ.

డీహెచ్‌ని సమర్థించేవాళ్ల వాదన బలహీనమైనదేమీ కాదు. 2021లో పిచర్ల బ్యాటింగ్ సగటు .110 దగ్గర ఉంది. పది సార్లు బ్యాట్ పట్టుకొస్తే దాదాపు ఒక్కసారే హిట్ పడేది, అంటే బంతిని కొట్టి క్షేమంగా బేస్ అనే మజిలీకి చేరేవాళ్లు. పైగా గాయాలు. 2008లో యాంకీస్ పిచర్ చియెన్ మింగ్ వాంగ్ బేస్‌ల మధ్య పరిగెత్తుతూ పాదం దెబ్బతీసుకున్నాక మళ్లీ మునుపటి వాంగ్ కాలేకపోయాడు. 2015లో ఆడమ్ వైన్‌రైట్‌కి బ్యాటింగ్ చేస్తుండగానే మడమ దగ్గర స్నాయువు తెగింది. మోచేతి గాయంతో బంతి విసరలేని బ్రైస్ హార్పర్ 2022లో డీహెచ్‌గా ఆడబట్టే ఫిలీస్ వరల్డ్ సిరీస్ ఫైనల్ దాకా వెళ్లింది. ఇవన్నీ నిజాలే. 42 ఏళ్ల బార్టొలో కొలోన్ 2016 మేలో శాన్ డియాగోలో తన జీవితంలో మొదటి హోమ్ రన్ కొట్టిన రోజు ఎంత ఆనందం ఇచ్చినా, అలాంటి రోజు కోసం మిగతా అన్ని రోజులూ పిచర్ల చేత బ్యాట్ పట్టించమని నేను అడగను.

డీహెచ్ వల్ల పోయింది పిచర్ బ్యాటింగ్ కాదు, మేనేజర్‌కి, అంటే జట్టు కోచ్‌కి ఉండే టెన్షన్. పాత నేషనల్ లీగ్‌లో, తొమ్మిది ఇన్నింగ్స్ ఆటలో ఆరో ఇన్నింగ్స్ ఎలా ఉండేదో గుర్తు చేసుకోండి. స్కోరు సమానం. మీ పిచర్ అద్భుతంగా విసురుతున్నాడు. ఇద్దరు రన్నర్లు బేస్‌ల మీద ఉన్నారు, బ్యాటింగ్ వంతు ఆ పిచర్‌దే. బ్యాట్ ఇస్తే అవకాశం పోతుంది. ఇంకొకర్ని పంపితే పిచర్ పోతాడు, ఎందుకంటే బేస్‌బాల్‌లో బయటికి వెళ్లినవాడు ఆ రోజు తిరిగి రాలేడు. ఏది ఎంచుకున్నా ఏదో ఒకటి పోగొట్టుకోవాల్సిందే. ఆ ఒక్క క్షణంలో స్టేడియంలోని ప్రతి మనిషీ మేనేజర్ అయిపోయేవాడు. ఇప్పుడు ఎవర్ని తీసేసినా, ఎప్పుడు తీసేసినా మేనేజర్ జేబులోంచి పైసా పోదు.

డీహెచ్ అన్ని జట్లకూ వస్తే ఆట మొదలుపెట్టే స్టార్టింగ్ పిచర్లు ఎక్కువసేపు ఆడతారని అప్పట్లో చాలామంది నమ్మారు. బ్యాటింగ్ కోసం వాళ్లను తీసేయాల్సిన పని ఉండదు కదా! జరిగింది అది కాదు. స్టార్టర్ సగటు ఇప్పటికీ ఐదు ఇన్నింగ్స్ చుట్టూనే తిరుగుతోంది. తీసేసినందుకు ఏ నష్టమూ లేనప్పుడు మేనేజర్ ఎందుకు ఆగుతాడు? స్టార్టర్ తర్వాత తాజా చేతులతో వచ్చే పిచర్లను, అంటే రిలీవర్లను, వరుసగా దించేస్తాడు.

దీనికి మందు ఇప్పటికే పరీక్షించి చూశారు. 2021లో అమెరికాలోని చిన్న లీగ్ అయిన అట్లాంటిక్ లీగ్‌లో డబుల్ హుక్ అనే పద్ధతి ప్రయోగించారు. స్టార్టింగ్ పిచర్‌ని తీసేస్తే డీహెచ్ కూడా అతనితో పాటే దిగిపోవాలి. ఆ తర్వాత ఆ స్థానంలో రిలీవర్ బ్యాట్ పట్టాలి, లేదంటే బెంచ్ మీద ఉన్నవాళ్లలో ఒకర్ని వాడేసుకోవాలి. ఇంతే. స్టార్టర్ బ్యాట్ ముట్టుకోడు, గాయాల భయం లేదు, ఆరో ఇన్నింగ్స్ టెన్షన్ మాత్రం మళ్లీ వస్తుంది. ఇది మేజర్ లీగ్‌కి వస్తే శీతాకాలపు సంతకాల లెక్కే మారిపోతుంది. 2024 డిసెంబరులో యాంకీస్ మ్యాక్స్ ఫ్రీడ్‌కి ఎనిమిదేళ్లకు 21.8 కోట్లు ఇచ్చింది కదా, ఏడో ఇన్నింగ్స్ దాకా నిలబడే అలాంటి ఎడమచేతి పిచర్‌కి ఇంకా ఎక్కువే పలుకుతుంది. అతను నిలబడితేనే జట్టులోని ష్వార్బర్ లాంటి డీహెచ్ నాలుగోసారి బ్యాట్ పడతాడు. రెండు మూడు స్థానాల్లో ఫీల్డింగ్ చేస్తూ అవసరానికి ఒక హిట్ కొట్టే బెంచ్ ఆటగాడికీ మళ్లీ గిరాకీ వస్తుంది.

పిచింగూ బ్యాటింగూ రెండూ చేసే జపాన్ ఆటగాడు షోహెయ్ ఒహ్తాని సంగతేంటని అడుగుతారు. మోచేతి ఆపరేషన్ వల్ల 2024లో బంతి విసరకుండా, కేవలం డీహెచ్‌గా ఆయన 54 హోమ్ రన్లు కొట్టి 59 బేస్‌లు దొంగిలించి (కొట్టు లేకుండానే పరిగెత్తి తర్వాతి బేస్ చేరి) ఎంవీపీ, అంటే ఆ ఏడాది మేటి ఆటగాడు అయ్యాడు. కానీ అంతకుముందు డిసెంబరులో డాడ్జర్స్ ఆయనకు పదేళ్లకు 70 కోట్ల డాలర్లు, అందులో 68 కోట్లు తర్వాతెప్పుడో ఇచ్చేలా, రాసిచ్చింది కేవలం బ్యాట్ కోసం కాదు. కొట్టడమూ విసరడమూ రెండూ వచ్చిన మనిషి కోసం. పిచర్ నిలబడే దిబ్బ (మౌండ్) దిగినా ఆయన బ్యాటింగ్ కొనసాగించేలా 2022లో లీగ్ ప్రత్యేకంగా ఒక నియమమే రాసుకుంది. సంపూర్ణ ఆటగాడి విలువ లీగ్‌కి బాగానే తెలుసు. అలాంటివాళ్లను తయారుచేసే ఆటను మాత్రం చేజేతులా చంపుకుంటోంది.

నాకు కోపం తెప్పించేది అదే, అందులో మన వాటా కూడా ఉంది. డాలస్ పక్కన గ్రాండ్ ప్రెయిరీలో మన తెలుగువాళ్లు ఇప్పుడు క్రికెట్ చూస్తున్న స్టేడియం ఒకప్పుడు బేస్‌బాల్ మైదానం. ఆ ఆటకు పట్టిన తెగులు ఐపీఎల్‌కి 2023లో ఇంపాక్ట్ ప్లేయర్ పేరుతో సోకింది. బ్యాటింగ్ అప్పుడొకరు, బౌలింగ్ అప్పుడొకరు. 2024లో బెంగళూరులో సన్‌రైజర్స్ 287 కొట్టిన రాత్రి హైదరాబాద్ ఊగిపోయింది, నిజమే. కానీ ఎనిమిదో నంబర్ దాకా బ్యాటర్లుంటే ఎవరికి భయం? ఈ నియమం ఆల్‌రౌండర్లను వెనక్కి నెడుతోందని ఆ సీజన్‌లోనే రోహిత్ శర్మ బహిరంగంగా చెప్పాడు. అదే ఏడాది డిసెంబరులో మెల్‌బోర్న్‌లో ఎనిమిదో నంబర్‌లో దిగి 114 కొట్టిన విశాఖ కుర్రాడు నితీశ్ కుమార్ రెడ్డి మీడియం పేస్ కూడా వేస్తాడు. అలాంటి కుర్రాళ్ల చేతికి బంతి ఇవ్వాల్సిన అవసరమే లేకుండా చేసే నియమంతో భారత జట్టుకి రేపటి ఆల్‌రౌండర్ ఎక్కడినుంచి వస్తాడు? సయ్యద్ ముస్తాక్ అలీ టోర్నీలో దీన్ని తీసేసిన బీసీసీఐ, ఐపీఎల్‌లో మాత్రం 2027 దాకా పొడిగించింది.

అమెరికాలో యజమానులకూ ఆటగాళ్లకూ మధ్య ఉన్న ఒప్పందం 2026 డిసెంబరు 1తో ముగుస్తుంది. జీతాల పరిమితి గురించి పెద్ద గొడవే జరిగేలా ఉంది. ఆ బల్ల మీద డబుల్ హుక్ కూడా ఉండాలి. స్టార్టింగ్ పిచర్ల ధర పెంచే నియమానికి ఆటగాళ్ల సంఘం ఎందుకు కాదంటుందో నాకైతే అర్థం కాదు. ష్వార్బర్ ఒప్పందం 2030 దాకా ఉంది, ఆ డబ్బు ఎక్కడికీ పోదు. మొదటి మూడు సార్లు ఆయన ఎలాగూ కొడతాడు. నాలుగోసారి కొట్టాలంటే ఫిలీస్ తన పిచర్‌ని నమ్ముకోవాలి.