ఏడో వారంలో వాపు చూసి కుంగిపోకండి

మోకీలు మార్పిడి ఆపరేషన్ జరిగిన ఆరు వారాలకే అన్ని పనులూ చేసుకోవచ్చని ఈ ఆపరేషన్ గురించి నేను చదివిన ఒక వ్యాసంలో రాశారు. కర్ర వదిలి నడవడం వరకూ కొందరికి నిజమే. కానీ ఏడో వారంలో ఇంకా వాపు ఉన్నవాళ్లు ఇది చదివితే కుంగిపోతారు. మా అమ్మ అలాగే కుంగిపోయింది. వాపు, వెచ్చదనం నెలల తరబడి ఉండటం మామూలే. కోత పక్కన బయటివైపు చర్మం మొద్దుబారడం, నడుస్తుంటే లోపల టిక్కుమనడం కూడా అంతే. ఎవరైనా ముందే చెప్పి ఉంటే అన్ని రాత్రులు భయపడేది కాదు.

అసలు కష్టమంతా తొడ ముందు కండరంతోనే. ఆపరేషన్ తర్వాత అది బాగా నీరసించిపోతుంది, పూర్తి బలం రావడానికి ఏడాది కూడా పట్టొచ్చు. అమ్మ మంచం మీద కాలు చాపి, మడమ కింద చుట్టిన తువ్వాలు పెట్టుకుని, మోకాలిని పరుపువైపు అదిమి ఐదు లెక్కపెట్టేది. మొదట్లో ఏమీ కదిలేది కాదు. ఒకరోజు నా చెయ్యి లాక్కుని తొడ మీద పెట్టుకుంది, కండరం గట్టిగా బిగిసింది. "చూడవే, వచ్చింది!" అంది. మోకాలి కింద మాత్రం దిండు పెట్టకండి. హాయిగానే ఉంటుంది గానీ కాలు పూర్తిగా చాపలేకుండా అయిపోతుంది.

పిక్క ఉబ్బి నొప్పెడితే, ఆయాసం వస్తే వెంటనే డాక్టరు దగ్గరకు వెళ్లాలి, అది రక్తం గడ్డ కావచ్చు.

మెట్లెక్కేటప్పుడు మంచి కాలు ముందు, దిగేటప్పుడు ఆపరేషన్ కాలు ముందు. దిగడమంటేనే అమ్మకు వణుకు. నేను ఒక మెట్టు కింద నిలబడేదాన్ని, పట్టుకోకుండా. మూడో నెలలో "పక్కకు జరగవే" అంది.