గ్రిల్ చూసి అంబాసిడర్‌కు పేరు పెట్టకండి

పాత బండి అమ్మినవాళ్లను ఆర్నెల్ల తర్వాత మోసగాళ్లని తిట్టడం ఈ మధ్య మామూలైపోయింది. మా నాయనకూ ఆ మాట పడింది. మిర్యాలగూడలో ఎవరినైనా అడగండి, ఆయన ఒకరి రూపాయి ఉంచుకునే మనిషి కాదు. అందుకే ఇది రాస్తున్నా.

మా అంబాసిడర్ 1976ది. ఆర్‌సీ బుక్‌లో ఆ సంవత్సరమే ఉంది. మార్క్ 2, మార్క్ 3 అంటే అంబాసిడర్‌లో ఒకదాని తర్వాత ఒకటి వచ్చిన మోడళ్లు. ఆ పేర్లు అందులో ఎక్కడా లేవు. కొనడానికి మహబూబ్‌నగర్ నుంచి వచ్చినాయన బండి ముందుండే జాలీ, అదే గ్రిల్, చూసి, "మార్క్ టూ కదా బాపూ" అన్నాడు. "అవన్నీ నాకు తెల్వదు బిడ్డా, బుక్కుల ఏముంటే అదే" అని నాయన బుక్ చేతికిచ్చాడు. నేను పక్కనే ఉన్నా. ఇప్పుడేమో మెకానిక్ ఇది మార్క్ 3 అన్నాడట, సగం డబ్బు వాపసు కావాలట!

మార్క్ 2 వచ్చింది 1962లో. గ్రిల్ చిన్న చిన్న గళ్లతో ఉంటుంది. 1975లో వచ్చిన మార్క్ 3కి అడ్డపట్టీలు. కానీ ముందు భాగం దెబ్బతిన్న బండికి ఏ గ్రిల్ దొరికితే అది బిగించడం మన షెడ్లలో కొత్తేమీ కాదు. 1489 సీసీ పెట్రోల్ ఇంజన్ పీకేసి డీజిల్ ఇంజన్ ఎక్కించిన బండ్లు ఎన్ని లేవు? బండి ఏదో తేల్చాల్సింది బండి లోహం మీద కొట్టి ఉండే చాసిస్ నంబర్, బుక్కులోని సంవత్సరం. కిరోసిన్ గుడ్డతో జిడ్డు తుడిచి, నంబర్ మీద తెల్లకాగితం పెట్టి పెన్సిల్ రుద్దితే అంకెలు ఒక్కొక్కటే తేలతాయి. వాటిని బుక్‌తో పోల్చుకోవాలి. లక్షలు పెట్టి కొనేవాళ్లకు ఆ పది నిమిషాలు ఎందుకు దొరకవు?

ఈ గొడవల వెనక వింటేజ్ నంబర్ ఆశ కూడా ఉంది. 2021 నిబంధనల ప్రకారం 50 ఏళ్లు దాటిన బండికి 'వీఏ' సిరీస్ నంబర్ ఇస్తారు. కొత్త రిజిస్ట్రేషన్ ఫీజు 20,000 రూపాయలు. మార్క్ 2 అని తేలితే 50 ఏళ్లు దాటినట్టేనని కొందరి లెక్క. ఆ రూల్‌కు మార్క్‌తో పనే లేదు. మొదటి రిజిస్ట్రేషన్ తేదీ నుంచి లెక్క. పైగా చాసిస్, బాడీ, ఇంజన్‌లలో పెద్ద మార్పులు చేసి ఉండకూడదు.

రేటు పెంచడానికి నోటితో "మార్క్ 2" అని చెప్పి అమ్మినవాళ్లను నేను వెనకేసుకురాను. 1930 నాటి సరుకుల విక్రయ చట్టం 15వ సెక్షన్ ప్రకారం, ఏం చెప్పి అమ్మితే వస్తువు దానికి సరిపోవాలి. అలాంటి కేసులో నేను కొన్నవాళ్ల పక్షమే. కానీ చెప్పని మాటకు మా నాయన ఎందుకు జవాబుదారీ కావాలి? ఇకనుంచి ఎవరు అమ్మినా చాసిస్ నంబర్, సంవత్సరం, మార్చిన పార్టులు కాగితం మీద రాసి ఇద్దరూ సంతకాలు పెట్టుకోండి. ఆ కాగితం ఉండి ఉంటే మా ఇంట్లో ఈ టెన్షన్ ఉండేది కాదు.

నాకు అన్నిటికంటే మండేది ఇంకొకటి. ఓనర్ పేరు మార్చే ఫారం 29, 30 మీద నాయన సంతకాలు పెట్టి ఇచ్చినా, కొన్నాయన ఇప్పటికీ ఓనర్‌షిప్ మార్పించుకోలేదు. చట్టం ఇచ్చిన గడువు 30 రోజులు. రికార్డులో పేరున్నవాడే ప్రమాదానికి బాధ్యుడని సుప్రీంకోర్టు 2018లో తేల్చింది. అంటే రేపు ఆ బండి ఎవరినైనా గుద్దితే నోటీసు వచ్చేది మా నాయనకే. అన్నా, ముందు బండి మీ పేరు మీద ఎక్కించుకోండి. మార్క్ సంగతి తర్వాత చాసిస్ నంబర్ ముందు పెట్టుకుని మాట్లాడదాం.